వృద్ధాప్యంలో ముఖ పరిశీలన: ఎదుటివారిని అంచనా కట్టే తీరులో వయసు తెచ్చే మార్పులు

ఎదుటి మనిషి ముఖం చూసి అతని వయసు, ఆరోగ్యం, అప్పటి మనఃస్థితి, నమ్మదగినవాడా కాదా అన్న విషయం, మునుపెన్నడైనా చూసిన ముఖమా కాదా అన్న విషయం క్షణాల్లో తేల్చుకునే మానసిక వ్యాపారాన్ని ముఖ నిర్ణయం అనవచ్చు. ఇందులో కన్ను, జ్ఞాపకశక్తి, మెదడులో భయాన్నీ అసహ్యాన్నీ పసిగట్టే భాగాలు, బతుకులో గడించిన అనుభవం అన్నీ కలిసి పనిచేస్తాయి గనుక, వయసు మీదపడే కొద్దీ వీటిలో ఏది ఎంత మారితే నిర్ణయం ఎటు మొగ్గుతుందన్నది కొన్ని దశాబ్దాలుగా పరిశోధకులు తరచి చూస్తున్న ప్రశ్న. కొన్ని ముఖాలను ముందుంచి ఎవరు ఎక్కువ నమ్మదగినవారు, ఎవరు తక్కువ అని వరుసపెట్టమంటే వృద్ధులు పెట్టే వరుస యువకుల వరుసకు దగ్గరగానే ఉంటుందనీ, ఆ వరుసలో అనుమానం ఎక్కడ మొదలవ్వాలన్న గీటు మాత్రం వారిలో కిందికి జరుగుతుందనీ ఇంతవరకు జరిగిన పరిశీలనల వల్ల తెలుస్తోంది.

ముఖాలను గుర్తుపెట్టుకునే శక్తి శరీరబలంలాగా ఇరవైల్లోనే పరాకాష్ఠకు చేరదు. లారా జర్మీన్, బ్రాడ్లీ డుషేన్, కెన్ నకయామా 2011లో ప్రచురించిన అధ్యయనంలో వేలాదిమందిని పరీక్షించగా, పేర్లను గుర్తుంచుకునే శక్తి ఇరవై దాటిన కొద్ది కాలానికే శిఖరానికి చేరుతుండగా, కొత్త ముఖాలను గుర్తుంచుకునే శక్తి ముప్పై దాటాక గాని పూర్తి స్థాయికి రాదని తేలింది. అంటే ముఖ పరిచయం ఏళ్ల తరబడి సాధనతో పండే విద్య. ఆ తర్వాత అది తగ్గడం కూడా నెమ్మదిగానే సాగుతుంది. అరవై దాటినవారిలో కనిపించే లోపాలన్నిటినీ మెదడుకే అంటగట్టడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే వయసుతో కన్ను కూడా మారుతుంది.

కంటి పాత్ర

వయసు పైబడిన కంటిలో కటకం పసుపు వన్నె తేలి మసకబారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, ఫలితంగా కంటి లోపలి తెరను చేరే వెలుతురు బాగా తగ్గుతుంది. నల్లటి అక్షరాలను తెల్లటి పలక మీద చదివించే మామూలు పరీక్షలో ఈ లోపం సరిగా బయటపడదు, ఎందుకంటే ముఖంలో భావాన్ని పట్టిచ్చేవి అంత స్ఫుటమైన గీతలు కావు. కనుబొమల మధ్య పడే సన్నని ముడత, కన్నుల చివర కదలిక, పెదవి మూల నీడ వంటి అరకొర వెలుగుల తేడాలు. పక్కపక్కన ఉన్న రెండు ఛాయల మధ్య స్వల్పభేదాన్ని గుర్తించే సామర్థ్యాన్ని నేత్రవైద్యులు ఛాయాభేద సూక్ష్మత అనే పేరుతో కొలుస్తారు. సింథియా ఔస్లీ, రాబర్ట్ సెక్యులర్ తదితరులు 1981లోనే ఈ సామర్థ్యానికీ ముఖాలను గుర్తించడానికీ ఉన్న సంబంధాన్ని పరీక్షించి, ముఖం కనబడటానికీ ఒక ముఖాన్ని మరొక ముఖం నుంచి వేరు చేయడానికీ వృద్ధులకు యువకుల కంటే ఎక్కువ ఛాయాభేదం అవసరమవుతుందని చూపారు.

కడప జిల్లా ఒంటిమిట్టలో ఈ సంగతి గమనించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కోదండరామస్వామి ఆలయంలో సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలలో మలచినవి కావడం వల్ల ఆ ఊరికి ఏకశిలానగరమన్న పేరు వచ్చింది. బ్రహ్మోత్సవాల్లో ఇక్కడి కల్యాణం చైత్ర పౌర్ణమి సమీపాన రాత్రివేళ, వెన్నెలలో జరపడం ఆచారం. ఈ ఆలయపు గర్భగుడిలో హారతి వెలుగు పడినప్పుడు పైబడిన కంటికి ముందుగా అందేవి మెరిసే ఆభరణాలు, పూలమాలల తెలుపు, తిరునామపు గీతలు. రాతి ముఖంలోని కనుబొమల వంపు, పెదవుల మీది చిరునవ్వు ఆ తర్వాత, అదీ చాలావరకు ఏళ్ల తరబడి చూసిన జ్ఞాపకం సాయంతో అందుతాయి. కల్యాణవేదిక చుట్టూ చేరిన జనంలో తన మనవడి ముఖాన్ని వెతుక్కునే వృద్ధురాలికి ఎదురయ్యే ఇబ్బంది కూడా ఇదే, అయితే అక్కడ చొక్కా రంగు, నడక తీరు, గొంతు ఆమెకు తోడొస్తాయి.

తెలుగునాట కంటిచూపు లెక్కలు ఈ విషయంలో ఉపేక్షించదగినవి కావు. హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించి జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం, చూపు లోపాల్లో అధికభాగం శస్త్రచికిత్సతోనో కళ్లద్దాలతోనో సరిదిద్దగలిగినవేనని వెల్లడించింది. 2015–19 జాతీయ అంధత్వ సర్వేలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వానికి కారణాల్లో కంటిశుక్లం వాటా 66.2 శాతం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరులో అనంతపురంలో ప్రారంభించిన కంటివెలుగు పథకంలో అవ్వాతాతలకు పరీక్షలు చేసే మూడో విడత 2020 ఫిబ్రవరిలో కర్నూలులో మొదలైంది. శుక్లం తీయించుకున్నాక బంధువుల ముఖాల్లో ముడతలు, అలసట కొత్తగా కనిపించాయని చెప్పుకోవడం పల్లెల్లో వింటున్నదే. అంటే అంతకు ముందు ఆ కంటికి ముఖాలన్నీ ఉన్నదానికంటే నునుపుగా, పడుచుగా తోచాయన్నమాట. ముఖం మీద కట్టే అంచనాలో ఈ నునుపు కూడా ఒక భాగస్వామి.

భావాలను చదవడం

ముఖకవళికల పరిశోధనకు ఇప్పటికీ పునాదిగా ఉన్నది పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1976లో వెలువరించిన ఛాయాచిత్రాల సంపుటి. సంతోషం, దుఃఖం, కోపం, భయం, ఆశ్చర్యం, అసహ్యం అనే ఆరు భావాలను నటులు ముఖంలో పలికించగా తీసిన నలుపుతెలుపు బొమ్మలవి. ఇటువంటి బొమ్మలతో అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాల ఫలితాలను టెడ్ రఫ్‌మన్ బృందం 2008లో ఒకచోట చేర్చి విశ్లేషించగా, కోపం, దుఃఖం, భయం అనే మూడింటిని గుర్తించడంలో వృద్ధులు యువకుల కంటే స్పష్టంగా వెనకబడతారనీ, సంతోషం విషయంలో తేడా కొద్దిపాటిదేననీ, అసహ్యాన్ని గుర్తించడంలో మాత్రం తగ్గుదల లేకపోగా కొంత మెరుగుదల కూడా కనిపిస్తోందనీ తేలింది. ముసలితనంలో అన్ని శక్తులూ ఒకేలా కుంగుతాయన్న వాదానికి ఈ అసహ్యపు మినహాయింపు అడ్డుతగులుతుంది. దానికి ఒప్పించే వివరణ ఇప్పటికీ స్థిరపడలేదు.

కోపం, భయం, దుఃఖం ప్రధానంగా కళ్లలోనూ కనుబొమల్లోనూ పలుకుతాయి, సంతోషం, అసహ్యం ఎక్కువగా నోటిదగ్గర తెలుస్తాయి. చూపు ఎక్కడ నిలుస్తుందో నమోదుచేసే పరికరాలతో జరిపిన ప్రయోగాల్లో వృద్ధులు ముఖంలోని కింది సగాన్ని ఎక్కువసేపు చూస్తారని కనిపించింది. ఇది నిర్లక్ష్యం కాకపోవచ్చు: వినికిడి తగ్గినవారు మాటను అందుకోవడానికి పెదవుల కదలికను ఆసరా చేసుకుంటారు, ఆ అలవాటు ముదిరాక మాట లేని బొమ్మ ముందు కూడా చూపు నోటివద్దకే పోతుంది. ఎదుటివారి కళ్లున్న భాగాన్ని మాత్రమే చూపి మనసులోని భావాన్ని చెప్పించే సైమన్ బారన్-కోహెన్ పరీక్షలో వృద్ధుల మార్కులు తగ్గడానికి కూడా ఇది కొంత కారణం కావచ్చు. కొవిడ్ కాలపు మాస్కులు నోటిని కప్పేసి, ఇలా నోటిని నమ్ముకున్నవారినే ఎక్కువ చిక్కుల్లో పెట్టి ఉండాలి.

ఈ ఫలితాలను యథాతథంగా ఒంటిమిట్ట అరుగు మీదికి తెచ్చి అన్వయించడంలో ఒక అభ్యంతరం ఉంది. ఒకరి ముఖాన్ని మనిషి కదలకుండా, మాట లేకుండా, సందర్భం లేకుండా చూడటం జీవితంలో దాదాపు జరగదు. పైగా ఆ బొమ్మల్లోనివి పరదేశపు పడుచు ముఖాలు, పరీక్షకు కూర్చున్నది ఎనభై ఏళ్ల పెద్దమనిషి. నాట్యశాస్త్ర సంప్రదాయాన్ని అనుసరించి అభినయించిన పది భావాలను చలనచిత్రాలుగా చూపి అహల్యా హెజ్మాదీ, రిచర్డ్ డేవిడ్‌సన్, పాల్ రోజిన్ 2000లో ప్రచురించిన పరిశీలనలో భారతీయులే కాక ఆ సంప్రదాయం తెలియని అమెరికనులు కూడా భావాలను బాగా పోల్చుకోగలిగారు. సిగ్గు, శాంతం వంటి భావాలు ఎక్‌మన్ ఆరింటి జాబితాలో చోటు లేనివైనా ముఖం మీద, దేహం మీద చదవదగినవేనని దానితో రుజువైంది. పరీక్షలో చూపే ముఖం ఎవరిదన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది: జెన్నిఫర్ స్టాన్లీ, డెరెక్ ఐజకోవిట్జ్ 2015లో చూపినదాని ప్రకారం, తమకు దగ్గరివారి భావాలను చదివేటప్పుడు వృద్ధుల వెనకబాటు బాగా తగ్గిపోతుంది. బొమ్మలోని కోపాన్ని పోల్చలేని అవ్వ, కోడలు గడప దాటి లోపలికి వచ్చిన తీరునుబట్టి సంతలో ఏం జరిగిందో చెప్పగలగడంలో వింత లేదు. కావాలని నవ్విన నవ్వునూ నిజంగా వచ్చిన నవ్వునూ వేరు చేయడంలో వృద్ధులు యువకులకు తీసిపోరని, కొన్నిచోట్ల మించిపోతారని కూడా కదిలే చిత్రాలతో చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి.

నమ్మకం: గీటు జరగడం

జనీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ 2006లో చూపినట్టు, ఒక ముఖం సెకనులో పదోవంతు సేపు కనిపిస్తే చాలు, ఆ మనిషి నమ్మదగినవాడా కాదా అన్న అభిప్రాయం మనసులో ఏర్పడిపోతుంది. ఎక్కువసేపు చూపితే ఆ అభిప్రాయం మీద ధీమా పెరుగుతుందే తప్ప అభిప్రాయం పెద్దగా మారదు. అది ఎంతవరకు నిజమన్నది వేరే ప్రశ్న. ముఖం చూసి గుణం చెప్పే సాముద్రికానికి మన దేశంలో ఎంత పేరున్నా, ముఖలక్షణానికీ నిజాయితీకీ మధ్య ఆధారపడదగిన సంబంధం ఉన్నట్టు శాస్త్రీయంగా నిలబడలేదు. ఇక్కడ చర్చించేది అభిప్రాయాల తీరునే గాని వాటి సత్యాన్ని కాదు.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో షెల్లీ టేలర్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఎక్కువ చర్చకు వచ్చింది. నమ్మదగినవిగా, మధ్యస్థంగా, నమ్మదగనివిగా ముందే వర్గీకరించిన ముఖాలను చూపగా, మొదటి రెండు రకాల విషయంలో వృద్ధులకూ యువకులకూ తేడా కనిపించలేదు. మూడో రకాన్ని మాత్రం వృద్ధులు యువకుల కంటే నమ్మదగినవిగా, దగ్గరికి వెళ్లి మాట్లాడదగినవిగా లెక్కించారు. మెదడులో రక్తప్రసరణ మార్పులను చిత్రించే యంత్రంలో చూసినప్పుడు, ఇన్సులా అనే భాగపు ముందువైపు స్పందన యువకుల్లో బలంగానూ వృద్ధుల్లో బలహీనంగానూ ఉంది. కడుపులో తిప్పినట్టు, గుండె గుబులుమన్నట్టు అనిపించే శరీరసంకేతాలను మనసుకు చేరవేయడంలో ఈ ఇన్సులాకు పాత్ర ఉంది. ముఖాన్ని చూడగానే లోపల కలిగే ఆ జంకు తగ్గితే హెచ్చరిక కూడా మెత్తబడుతుంది. భయసంకేతాలను పట్టే అమిగ్డలా అనే బాదంగింజ ఆకారపు భాగం రెండువైపులా దెబ్బతిన్న రోగులు అనుమానాస్పదమైన ముఖాలను కూడా నమ్మదగినవిగా భావిస్తారని రాల్ఫ్ అడాల్ఫ్స్ 1998లోనే నిరూపించాడు, అయితే వృద్ధుల్లో కనిపించేది అటువంటి దెబ్బ కాదు, మొగ్గులో మార్పు మాత్రమే.

లెస్లీ జెబ్రోవిట్జ్ బృందం 2013లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం నుంచి ఇచ్చిన ఫలితం దీన్ని స్పష్టం చేసింది: ఎవరు ఎవరికంటే సమర్థులుగా, ఆరోగ్యవంతులుగా, నమ్మదగినవారుగా కనిపిస్తున్నారన్న తారతమ్యంలో రెండు తరాల మధ్య ఏకీభావం గట్టిగానే ఉంది, వృద్ధులు వేసే మార్కులు మాత్రం మొత్తంగా ఉదారంగా ఉన్నాయి. పాతకాలపు బడిపంతులు దిద్దిన పేపర్లలో మొదటివాడు మొదటివాడే, కడపటివాడు కడపటివాడే, తప్పేవాళ్లు మాత్రం తక్కువైనట్టు అన్నమాట.

ఈ ఉదారతకు కారణం ఏమిటి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా కార్‌స్టెన్‌సెన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ముందున్న కాలం తక్కువని తెలిసిన మనిషి కొత్త సంగతులు పోగుచేసుకోవడం కంటే మనసుకు తృప్తినిచ్చే సంబంధాలను నిలుపుకోవడానికి ప్రాధాన్యమిస్తాడు, దానితో అతని దృష్టి చేదు నుంచి తీపివైపు మళ్లుతుంది. మారా మాథర్, కార్‌స్టెన్‌సెన్ 2003లో ఒక మామూలు ముఖాన్నీ ఒక భావయుత ముఖాన్నీ పక్కపక్కన చూపినప్పుడు వృద్ధుల దృష్టి కోపపు, దుఃఖపు ముఖాల నుంచి పక్కకు తప్పుకుంది. కానీ హెలెన్ ఫంగ్ బృందం 2008లో హాంగ్‌కాంగ్‌లోని చైనీయ వృద్ధులను పరిశీలించగా వారి చూపు నవ్వు ముఖాల నుంచే తొలగింది. ఈ ఒక్క ఫలితం చాలు, అమెరికా వృద్ధుడి మనసును ప్రపంచ వృద్ధుడి మనసుగా చెప్పకూడదనడానికి. తెలుగువారి విషయంలో ఆ సిద్ధాంతాన్ని అరువు తెచ్చుకునేవారు ఈ హెచ్చరికను మరవరాదు.

ఉదారంగా చూడటం వల్ల నష్టమూ ఉంది. ఇంట్లో పడుచువాళ్లు లేని మధ్యాహ్నవేళ నగలకు మెరుగుపెడతామని వచ్చి బంగారంతో ఉడాయించేవారు, పింఛను మంజూరు చేయిస్తామని వేలిముద్రలు వేయించుకునేవారు తెలుగు దినపత్రికల జిల్లా పేజీలకు కొత్తవారు కారు, వారు ఏరికోరి వెళ్లేది అవ్వాతాతలు ఒంటరిగా ఉన్న గడపలకే. అయితే ఇటువంటి మోసాలకు ముఖ నిర్ణయం ఒక్కటే కారణమనడం సరికాదు: ఒంటరితనం, చెవుడు, వచ్చినవారిని మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టే మర్యాద, సర్కారు కాగితాలంటే ఉన్న బెదురు కూడా మోసగాడికి కలిసివచ్చేవే. మరోవైపు, చుట్టూ ఉన్నవారిని శంకించకుండా కాలం వెళ్లబుచ్చడం వృద్ధుడి మనసుకు చేసే మేలు తక్కువది కాదు, దాన్ని లోపంగా మాత్రమే రాసే పరిశోధకులు సగం చిత్రమే రాస్తున్నారు.

పోలికలు, పరిచయం

తమ ఈడువారి ముఖాలను మిగతావారి ముఖాల కంటే బాగా గుర్తుపెట్టుకోవడం అన్ని వయసుల్లోనూ ఉన్నదే. మాథ్యూ రోడ్స్, జెఫ్రీ అనస్తాసి 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి దీన్ని ధ్రువపరిచారు. దీనికి మూలం వయసు కాదు, రోజూ ఎవరి ముఖాలతో మెలుగుతున్నామన్నది: వర్జీనియా హారిసన్, గ్రాహమ్ హోల్ 2009లో చూపినట్టు, పిల్లలతో పనిచేసే ఉపాధ్యాయ శిక్షణార్థులు పిల్లల ముఖాలను తమ ఈడువారి ముఖాలంత బాగానూ గుర్తుపెట్టుకుంటారు. ఆ లెక్కన మూడు తరాలు ఒకే కప్పు కింద ఉన్న ఇంట్లో జేజికి పడుచు ముఖాలు పరాయివి కావు. ఉమ్మడి కడప జిల్లాలోని రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి వైపు పల్లెల నుంచి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు వలసపోయినవారి ఇళ్లలో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ పెద్దవారు, చిన్నపిల్లలు మిగిలి, నడుమ తరం ముఖం అరచేతి వెడల్పు ఫోను తెరమీద, వెలుతురు ఎక్కువ తక్కువల మధ్య కనిపిస్తుంది.

వృద్ధుల్లో తరచు కనిపించే మరో లక్షణం పొరపాటు పరిచయం, అంటే ఎన్నడూ చూడని ముఖాన్ని చూసినట్టు అనుకోవడం. జేమ్స్ బార్ట్‌లెట్ తదితరుల పరిశోధనలు, ముఖం తెలిసినట్టుందన్న భావన వృద్ధుల్లో నిలిచే ఉంటుందనీ, దాన్ని ఎక్కడ ఎప్పుడు చూశామన్న సందర్భం మాత్రం జారిపోతుందనీ చెబుతాయి. కొత్తగా కనబడిన పిల్లవాణ్ణి ఆపి “ఎవరింటోడివి నాయనా, మీ జేజినాయన మొగమే నీది” అనే పెద్దవారిలో ఈ శక్తీ ఈ పొరపాటూ రెండూ కలిసే ఉంటాయి: ఎనభై ఏళ్లలో ఎన్నో కుటుంబాల ముఖాలను చూసినందువల్ల పోలిక పట్టగలుగుతారు, అదే కారణంగా పోలిక లేనిచోట కూడా పట్టేస్తారు. పెళ్లిచూపుల్లో పిల్ల ముఖాన కళ ఉందో లేదో తేల్చే మాట చాలాకాలం పెద్దావిడదే కావడం, ముఖ నిర్ణయంలో వయసుకు సమాజం ఇచ్చిన అధికారానికి గుర్తు. ఆ అధికారం ఇప్పుడు ఫొటోల ద్వారా, వాట్సాప్ ద్వారా పడుచువారి చేతికి వచ్చింది.

ముసలి ముఖం, చూసేవారి పొరపాటు

ముఖ నిర్ణయంలో వృద్ధులు చూసేవారే కాదు, చూడబడేవారు కూడా. ముడతలు, జారిన పెదవి మూలలు ఏ భావమూ లేని ముఖానికి కూడా దుఃఖమో కోపమో అంటగడతాయనీ, పలికిన భావాన్ని కూడా మసకబారుస్తాయనీ ఉర్సులా హెస్ బృందం 2012లో చూపింది. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ 171 మంది ముఖాలతో తయారుచేసిన ఛాయాచిత్ర నిధిని వాడి మానుయెల్ ఫెల్క్లె తదితరులు అదే ఏడాది జరిపిన పరిశీలనలో, ముసలివారి ముఖాలను చూసి వయసు చెప్పడం పడుచువారి ముఖాల విషయంలో కంటే కష్టమని తేలింది. సర్కారు ఆసుపత్రి వరుసలో నిలబడిన వృద్ధుడి నొప్పి గుర్తింపునకు రాకపోవడంలోనో, నిమ్మళంగా ఉన్న ముసలామెను అలిగిందని ఇంట్లోవారు అనుకోవడంలోనో ఈ లోపం పనిచేస్తుంది. 

వార్ధక్యం, వ్యాధి

వయసుతో సహజంగా వచ్చే మార్పుకూ మతిమరుపు వ్యాధికీ మధ్య గీత గీయడం వైద్యులకు అవసరం. ముఖం కనబడగానే ప్రత్యేకంగా స్పందించే మెదడు ప్రాంతాన్ని నాన్సీ కాన్‌విషర్ బృందం 1997లో వర్ణించింది; వయసు పెరిగే కొద్దీ ఇటువంటి ప్రాంతాల ప్రత్యేకత తగ్గి, ముఖానికీ ఇంటికీ కుర్చీకీ స్పందించే భాగాలు కొంత కలగలుస్తాయని డెనిస్ పార్క్ బృందం 2004లో కనుగొన్నది. ఇది ఆరోగ్యవంతులైన వృద్ధుల సంగతి. అల్జీమర్స్ ముదిరినప్పుడు సొంత బిడ్డల ముఖాలే గుర్తుకు రాకపోవచ్చు. మెదడు ముందుభాగాన్ని దెబ్బతీసే చిత్తవైకల్యంలో (డిమెన్షియా) జ్ఞాపకం కొంతకాలం చక్కగా ఉండి కూడా ఎదుటివారి ముఖంలోని బాధను పట్టించుకునే గుణం ముందుగా పోతుంది, దాన్ని ఇంటివారు మొండితనమనో కాఠిన్యమనో అపార్థం చేసుకుంటారు. కాప్‌గ్రా లక్షణం ఉన్న రోగి భార్య ముఖాన్ని సరిగ్గా గుర్తుపట్టి కూడా, ఆమె వేషం వేసుకున్న మరొకరని నమ్ముతాడు. ముఖం తెలుస్తుంది, దానితో కలగవలసిన ఆత్మీయత కలగదు.

తెలుగునాట ఈ రంగంలో ప్రసిద్ధమైన పని హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది. సువర్ణ అల్లాడి బృందం 648 మంది చిత్తవైకల్య రోగుల వివరాలను పరిశీలించి, రెండు లేక అంతకుమించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలవుతున్నాయనీ, చదువురానివారిలో కూడా ఆ తేడా కనిపిస్తోందనీ 2013లో ప్రచురించింది. ఇది ముఖాల మీద చేసిన అధ్యయనం కాదు గాని, అక్షరాలు, కాగితం, పెన్సిలు అవసరమైన పరీక్షలతో నిరక్షరాస్యులైన వృద్ధుల బుద్ధిని కొలవడంలోని చిక్కు ఇక్కడ గుర్తుకు రావాలి. కంప్యూటరు తెర మీద వరుసగా పరదేశి ముఖాలు చూపి మీట నొక్కమనే పరీక్షకు కూడా ఆ చిక్కే వర్తిస్తుంది. సమస్య చిన్నది కాదు: దేశవ్యాప్త వార్ధక్య అధ్యయనంలో భాగంగా జరిగిన పరిశీలన 60 ఏళ్లు దాటినవారిలో చిత్తవైకల్యం 7.4 శాతం ఉన్నట్టు 2023లో అంచనా వేసింది.

ముఖ నిర్ణయంపై వచ్చిన పరిశోధన సాహిత్యంలో అధికభాగం ఒకేసారి ఇరవై ఏళ్లవారినీ డెబ్బై ఏళ్లవారినీ పక్కపక్కన కూర్చోబెట్టి పోల్చినదే కావడం దాని ప్రధాన బలహీనత, ఎందుకంటే ఆ ఇద్దరి మధ్య తేడా వయసు ఒక్కటే కాదు. తొలి ముప్పై ఏళ్లు ఒకే పల్లెలోని ముఖాలు తప్ప ఫొటోలే అరుదుగా చూసిన తరాన్నీ, పుట్టినప్పటి నుంచి వేలాది కొత్త ముఖాలను తెరమీద చూస్తూ పెరిగిన తరాన్నీ పోల్చి, కనిపించిన వ్యత్యాసాన్ని వృద్ధాప్యం ఖాతాలో రాయడం న్యాయం కాదు. ఒకే మనుషులను ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ పరీక్షిస్తేనే ఈ రెండూ విడివడతాయి. అటువంటి పనికి అనువైన ఏర్పాటు ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ఆనుకుని, తెలుగు విస్తారంగా మాట్లాడే కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకాలో ఉంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం అక్కడి పల్లెల్లో 45 ఏళ్లు పైబడిన పదివేల మందిని లక్ష్యంగా పెట్టుకుని, వారి బుద్ధిశక్తిని, ఆరోగ్యాన్ని కాలానుక్రమంగా నమోదుచేస్తోంది.